తీయనన్న ఫైళ్ళు

మంగళవారం, బొమ్మనహళ్ళి

ఆసుపత్రి సర్వర్‌లో జాగా నిండిపోయి, పొద్దున్నుంచీ ఓపీ కౌంటర్లలో కంప్యూటర్లు నత్తనడక నడిచాయి. సర్వర్ చూసుకునేది నేనే కాబట్టి మేనేజర్ కృష్ణప్ప గారు నేరుగా నా సీటు దగ్గరికే వచ్చారు.

"పాత పేషెంట్ల ఫైళ్ళు ఎవరు చూస్తారమ్మా? తీసేయ్. బయట జనం నిలబడుండారు."

"తీయను సార్. ఎవరికి ఏ మందు పడదో వాటిలోనే ఉంది. వాళ్ళు మళ్ళీ వస్తే డాక్టర్‌కి ఏం చెప్తాం?"

"సర్వర్ నిలిచిపోతే నీదే జవాబుదారీ."

"నాదే సార్."

అనేసి సర్వర్‌లో ఏమేం ఉన్నాయో చూడటం మొదలుపెట్టాను. వెతికితే ఒక్కో బ్యాకప్‌కు రెండేసి కాపీలు కనిపించాయి. సరిచూసుకుని అదనపువి తీసేశాను. మధ్యాహ్నానికి కౌంటర్లు కదిలాయి. కృష్ణప్ప గారు మాత్రం ముఖం తిప్పుకుని వెళ్ళిపోయారు. రేపు నా లాగిన్ ఆపేయిస్తారేమో... ఆపేయించనీ. ఆ ఫైళ్ళు తీయడానికి ఇంకో చెయ్యి వెతుక్కోవాలి. నాది మాత్రం రాదు.