అక్క చూసిందన్న పుట్టకొక్కులు

ఏమయ్యా, నీ ఫోన్ కలవట్లేదు, అందుకే ఈ చీటీ. గంపలో మిగిలిన పుట్టకొక్కులు వండకు, కోళ్లకూ వేయకు. డాక్టర్ చూస్తాడేమోనని రెండింటిని కాగితంలో చుట్టుకుని హన్మకొండ దవాఖానకు పోతున్నాను. బర్రెకు నీళ్లు పెట్టు.

రఘునాథపల్లిలో మా చెల్లె శోభకు మధ్యాహ్నం తిన్నప్పటి నుంచి వాంతులు ఆగట్లేదు, దాన్ని ఆ దవాఖానకే తెస్తున్నారు. పొద్దున నువ్వు బీడులో ఏరి ఇచ్చిన పుట్టగొడుగులే వండిందట. "అక్క చూసిందా బావా?" అని అడిగితే, "చూసింది, ఫికర్ చెయ్యకు" అన్నావట. నాకెప్పుడు చూపించావు? ఇప్పుడు గంపలోవి తిరగేసి చూశాను. గొడుగు కింద రేకులు ఆకుపచ్చగా ఉన్నాయి, అవి విషపువి. ఒక్క మాట అడిగి ఉంటే అక్కడే పారేయించేదాన్ని. నన్ను అడగలేదు గానీ నా పేరు మాత్రం వాడుకున్నావు.

"నువ్వు చూసినవంటేనే తిన్న గదా అక్కా" అని శోభ ఫోన్లో ఏడ్చింది. నేను చూడలేదన్న మాట నేను చెప్పను. నువ్వే వచ్చి దాని ముందు చెప్పాలి.

వాళ్లింట్లో నువ్వూ రెండు ముద్దలు తిన్నావట. కడుపులో కొంచెం తిప్పినా ఇంట్లో పడుకోకు, వెంటనే ఆటో ఎక్కి నా దగ్గరకు రా.