వంటింటి గడప

శుక్రవారం రాత్రి, హోటల్ రూమ్

గడపకి పసుపు రాసింది నేనే. ఈ మాట ఈ డైరీలో తప్ప ఎక్కడా చెప్పలేదు.

రేపు పెద్దమ్మ కూతురు స్నేహక్క పెళ్లి. డెకరేషన్ కోసం పొద్దున పెళ్లి జరిగే ప్లాంటేషన్ హౌస్‌కి వెళ్లాం. అమెరికాలో ఒకప్పటి పత్తి తోట యజమాని బంగళా అది. ముందువైపు రెండంతస్తుల ఎత్తున తెల్లటి స్తంభాలున్నాయి. అందరూ అక్కడే సెల్ఫీలు తీసుకుంటుంటే నేను వెనక్కి వెళ్లాను. అక్కడ ఇటుకల వంటిల్లు విడిగా ఉంది. బానిసలుగా ఉన్న ఆడవాళ్లు అందులో వండి, పెద్ద ఇంటికి మోసుకెళ్లేవాళ్లని బోర్డు మీద రాసుంది. వాళ్లు తొక్కీ తొక్కీ చెక్క గడప మధ్యలో గిన్నెలా అరిగిపోయింది. దీనికి ఎవరూ ఎప్పుడూ పసుపు రాసి ఉండరు కదా అనిపించింది. పెద్దమ్మ తెచ్చిన పసుపు కొంచెం తీసుకెళ్లి రాసేశాను. కుంకుమ బొట్లు కూడా పెట్టాను.

సాయంత్రం ఆ బంగళా మేనేజర్ ఫోన్ చేసింది. మరక పోవడం లేదట. ఎవరు చేశారో చెప్పకపోతే రేపు గేటు తీయదట.

"ఇదేమన్నా మన ఇల్లా అక్కా? నీ చాదస్తం ఇక్కడ కూడానా?" అని అమ్మ పెద్దమ్మ మీద అరిచింది.

పెద్దమ్మ నా గోళ్ల వైపు చూసింది. ఇంకా పచ్చగానే ఉన్నాయి.

"అవునే, నేనే రాశాను. పొద్దున్నే వెళ్లి ఆవిడకి సారీ చెప్తాలే" అంది. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నేర్పు తల్లీ" అంది.

"సారీ, ఐ డిడ్ ఇట్" అని మూడుసార్లు చెప్పించాను. పెద్దమ్మకి వెంటనే వచ్చేసింది.

నాకే రావడం లేదు.