ముదరని పొర

ఈ ఉత్తరం రాయొద్దనే అనుకున్న సుశీలా. చివరి నాలుగేళ్లు నీకు చూపు లేకపాయె, ఇప్పుడు నువ్వే లేవు.

ఇయ్యాల తార్నాక నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌ల పెట్టిన కంటి శిబిరానికి నడిచిన. దారిలో తాగిన చాయ్ గురించి మొదలుపెడితే కాగితం చాలదు, వదిలెయ్. అక్కడ ఊళ్ల నుంచి శుక్లాల ఆపరేషన్‌కొచ్చినోళ్లకు ముందుగా నీటికాసుల పరీక్ష, అదే గ్లకోమా పరీక్ష, చేస్తున్నరు. ఒకామెకు కంట్లో ఒత్తిడి బాగా ఉన్నదని, ముందు దానికే మందు వాడాలని డాక్టరమ్మ చెప్పింది.

"ఆపరేషన్ ఇప్పుడు లేదా? అయితే పొర ముదిరినంక వస్తం. నడువ్," అన్నడు ఆమె మొగుడు.

ఆయన చెయ్యి పట్టుకున్న. "మా ఇంటామెకు నేనూ గిదే చెప్పిన తమ్మీ. పొర ముదిరేలోపల నీటికాసులతోటి చూపే పోయింది, మళ్ల రాలే. నీ కాళ్లు మొక్కుత, ఆగు."

"నువ్వేమన్న డాక్టర్‌వా, పెద్దమనిషీ?"

రోడ్డు దాకా వెంబడి పోయినా ఆగలే, ఇద్దరూ బస్సెక్కిన్రు. కిటికీలోంచి ఆమె "పోయొస్తనే అన్నా" అని, నా పక్కనున్న కరెంటు స్తంభానికి చెయ్యూపింది.