అవ్వ మేపిన చేపలు

ఆలూరు,
ఆదివారం.

కడపలో కానిస్టేబులు శిక్షణ తీసుకుంటూ, రేపోమాపో సొంత తమ్ముణ్ణే లోపల వేయగల అధికారం సంపాదించబోతున్న అక్క భువనకు, తమ్ముడు వీరేష్ రెండు చేతులూ పైకెత్తి నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

ముందుగా క్షమాపణలు. ఈ ఉత్తరం ఆలస్యమైనందుకు, నా చేతిరాతకు, ఆలూరులో కొళాయి నీళ్లు వాటికి బుద్ధి పుట్టినప్పుడే వస్తున్నందుకు, కరెంటు పోతున్నందుకు, మీ శిక్షణ కేంద్రంలో ఫోన్లు తీసి పెట్టుకున్నందుకు, ఆదివారం మీకు దొరికే పది నిమిషాలూ అమ్మ ఒక్కతే మాట్లాడేస్తున్నందుకు, చివరికి దేవుడు క్యాట్‌ఫిష్ జాతికి అన్ని మీసాలు పెట్టి నాకు సరిగ్గా పెట్టనందుకు కూడా నేనే బాధ్యుణ్ణి. నిజానికి వీటిలో ఒక్కటీ నేను చేసింది కాదు. అయినా పెద్దమనసుతో నెత్తిన వేసుకుంటున్నాను.

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. నాయన ఉల్లిగడ్డ నాటించాడు. రోజుకు నాలుగుసార్లు బయటికి పోయి ఆకాశం చూసి లోపలికి వస్తున్నాడు. అవ్వ ఎప్పటిలాగే ఉంది, అంటే మా అందరికంటే బాగుంది. అద్దాల పెట్టెలో నీ ముళ్లమూతి చేప గుండప్ప, ఆరు కోరీ క్యాట్‌ఫిష్‌లు ప్రాణాలతో ఉన్నాయి. నువ్వు కూడా బాగున్నావనీ, కవాతులో ఎడమకాలు ఏదో కుడికాలు ఏదో తెలిసిందనీ తలుస్తాను.

పోయిన ఉత్తరంలో చాలా అడిగావు. నీళ్ల సంగతి ముందు చెప్తాను. నువ్వు చెప్పినట్టే కొళాయి నీళ్లు సిమెంటు తొట్టిలో పట్టి, బ్లీచింగు వాసన పోయేదాకా రెండు రోజులు వదిలి, వారానికి పావు వంతు మాత్రం మారుస్తున్నాను. కరెంటు పోతే మగ్గుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ కూర్చుంటున్నాను. నాయన ఒకరోజు ఇదంతా చూసి, "మనం తాగే క్యాను నీళ్లే పోస్తే పోలా? ఊరికే ఈ మోతంతా ఎందుకప్పా" అన్నాడు. ప్లాంటులో ఖనిజాలన్నీ తీసేస్తారని, ఉన్నట్టుండి వట్టి ఆ నీళ్లే పోస్తే చేపలకు ప్రాణం మీదికి వస్తుందని చెప్పాను. "మరి మనకు రాదా?" అన్నాడు. నేను చదివిన బీయస్సీ జువాలజీలో దీనికి జవాబు చెప్పలేదు.

కోరీల మీసాలు అరిగాయా అని అడిగావు. అరగలేదు. పదునుగా ఉన్న ఆ రంగురాళ్లన్నీ తీసేసి, హగరి ఏటి ఇసుక తెచ్చి, ఏడు నీళ్లు కడిగి పరిచాను. కోరీలు కళ్లదాకా మూతి దూర్చి వెతుక్కుంటున్నాయి. అప్పుడప్పుడు పైకి దూసుకొచ్చి ఒక గుటక గాలి మింగిపోతాయి కదా, అది చూసి అవ్వ మొదట్లో నన్ను తిట్టింది. "నీళ్లలో పుట్టినదానికి కూడా ఊపిరాడకుండా చేసినావంటే నువ్వు సామాన్యుడివి కాదురా" అంది. అది వాటి అలవాటేనని నమ్మించడానికి రెండు రోజులు పట్టింది. గుండప్ప తన కొయ్యముక్కను తాను గీక్కుంటున్నాడు. మూతి మీద ముళ్లకంప ఇంకా ఒత్తుగా మొలిచింది. అరచేయంత అయ్యాడు, అంతకు మించడు. మామూలు సక్కర్ చేప తెచ్చి ఉంటే ఈపాటికి మూరెడై అద్దం పగలగొట్టేది. ఈ విషయంలో నీ ఎంపికను మెచ్చుకుంటున్నాను. ఉత్తరం చివర ఈ మెప్పు గుర్తుంచుకో.

ఇక తిండి. అవ్వ ఏం పెడుతోందని అడిగావు. దీనికి కొంచెం వెనక్కి పోవాలి.

నువ్వున్నన్నాళ్లు మేత గురించి ఎవరూ అడగలేదు. నువ్వు పోయాక నేను రెండు పూటలు మరిచిపోయేసరికి అవ్వ ఆ పని చేతిలోకి తీసుకుంది. మొదటిరోజే కళ్లద్దాలు పెట్టుకుని డబ్బా మీది బొమ్మ చూసింది.

"ఏమప్పా, ఈ మీసాల పురుగేంది?"

"రొయ్య అవ్వా. ఎండబెట్టి, పొడి కొట్టి, గింజలు చేస్తారు."

మన ఇల్లు నీకు తెలుసు. లింగపూజ కానిదే అవ్వ మంచినీళ్లు ముట్టదు. ఐదో తరగతిలో నేను కోడిగుడ్డు బొమ్మ ఉన్న నోటుపుస్తకం తెస్తే అట్ట చింపించిన మనిషి. డబ్బా ఆ నిమిషమే వీధి దాటింది. "ఈ ఇంట్లో ఉండేటోళ్లు ఈ ఇంటి తిండి తినాల. మనిషికైనా చేపకైనా ఒకటే మాట" అంది.

ఆ రోజు నుంచి సొరకాయ, కీరదోసకాయ, పాలకూర ఉడకబెట్టి వేయడం మొదలైంది. వీటికి ఉప్పు పడదని నేనే చెప్పాను. ఉప్పులేని కూర వండడం అవ్వకు చిన్నతనం. పైగా ఆమె పద్ధతి ఒకటుంది కదా, ఎవరికి పెట్టేదైనా ముందు తన నాలిక మీద వేసుకోనిదే పెట్టదు. బర్రెకు తెచ్చిన చెనక్కాయ చెక్కను కూడా మూల విరిచి నమిలి, "చేదెక్కింది, తీసుకపో" అని అంగడివానికి తిప్పి పంపింది. సొరకాయ ముక్క కూడా నోట్లో వేసుకునేది, ముఖం చిట్లించేది, "పాపం, ఏం తప్పు చేసినాయో ఇవి" అని అద్దాల పెట్టెలోకి వదిలేది.

గుండప్పకు మాత్రం పండగ. వాడు పుట్టుకతోనే మనవాడు. సొరకాయ ముక్కకు నోరు అతికించి మధ్యాహ్నం దాకా వదిలేవాడు కాదు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ అవ్వ వాణ్ణి చూపించి, "మా ఇంట్లో చేప కూడా ఆచారం తప్పదు" అనేది. కోరీల సంగతి వేరు. పదిహేను రోజులకు వాటి పొట్టలు లోపలికి పోయాయి. ఇసుక వెతకడం మానేసి ఒక మూలకు చేరాయి. క్యాట్‌ఫిష్ అంటే మిగతావాటి మురికి తిని బతికేస్తుందని లోకంలో ఒక నమ్మకం ఉంది. అది నమ్మినవాళ్ల ఇళ్లలో అవి ఇలాగే చస్తాయి. ఈ ఆరూ నువ్వు కానిస్టేబులు పరీక్షకు చదువుతున్నప్పుడు అద్దానికి అంటుకున్న గుడ్లలోంచి పుట్టినవని నాకు గుర్తుంది. ఒక్కో గుడ్డును నువ్వు వేలితో తీసి సీసాలోకి మార్చింది కూడా గుర్తుంది.

ఈలోగా అవ్వ కంటి పరీక్షకు కర్నూలు పోయాం. డాక్టరు చుక్కల మందు రాసిచ్చాడు. వస్తూ వస్తూ, నువ్వు గుండప్పను కొన్న ఓబుళేశు చేపల అంగడికి పోదామని అవ్వే అంది. శాకాహారం తినే మీసాల చేపలుంటే తెచ్చుకుందామని ఆమె ఆలోచన. స్టూలు వేయించుకుని కూర్చుంది. తరువాత జరిగింది చూస్తే పెండ్లిచూపులు అనుకుంటావు.

ఓబుళేశు ముందు గాజు క్యాట్‌ఫిష్‌ను చూపించాడు, లోపలి ముల్లంతా కనిపించేది.

"ఏమప్పా, దీనికి తిండి పెడతాండావా లేదా? ఎముకలు కనపడతాండాయి."

"దాని ఒళ్లే అంత అవ్వా."

"ఏం తింటాది?"

"దోమపిల్లలు, పురుగులు."

అవ్వ తల తిప్పుకుంది. వెల్లకిలా ఈదే చేపను చూపిస్తే, "దాన్ని ముందు లేపి సరిగా నిలబెట్టు" అంది. వెండిరంగులో చురుగ్గా తిరుగుతున్న షార్కు పిల్లను తనే చూపించి, అది బాగుందంది. ఓబుళేశు నిజాయితీపరుడు.

"అది వద్దవ్వా. పేరుకే షార్కు, అదీ మీసాల చేపే. ఇప్పుడు వేలంత, రెండేండ్లకు మోచెయ్యంత. దానికి నీ అద్దాల పెట్టె చాలదు, బావి కావాల. పక్కనుండే చిన్నవాటిని కూడా మింగేస్తాది."

"అయితే ఆకూఅలమూ తిని బతికేది యాడుండాది?"

"మీ ఇంట్లోనే ఉండాది. ఆ ముళ్లమూతిదొక్కటే. కోరీలకు మాత్రం పురుగో రొయ్యపొడో పడాల. లేదంటే నెలలో పోతాయి."

అవ్వ స్టూలు మీంచి లేచి కొంగు సర్దుకుంది. తరువాత, "ఇంటికొచ్చిన ప్రాణాన్ని ఎండగట్టేది తప్పు. ఇంట్లో అది పెట్టేదీ కుదరదు. అమాసలోపల ఆరింటినీ నీకాడికే పంపిస్తా. నీ ఇంట్లో నీ తిండి తింటాయి" అంది. "శానా మంచి మాటవ్వా" అన్నాడు ఓబుళేశు. ఆ మాటలో తప్పు నాకూ కనిపించలేదు. అమాస ఎనిమిది రోజుల్లో ఉంది, నీకు సెలవు ఎప్పుడో తెలియదు, అంతే.

అవ్వ బస్టాండులో కూర్చున్నాక, నీళ్ల బాటిలు తెస్తానని చెప్పి వెనక్కి పోయాను. రొయ్యపొడితో చేసిన, అడుగుకు మునిగే మేత ఒక పొట్లం కొన్నాను. ఇంటికొచ్చి, వాసన తెలియకుండా ఖాళీ ఇంగువ డబ్బాలో పోశాను. రెండు రోజులాగి, కొత్త మేత వచ్చిందని, సోయాతో చేసిందని అవ్వకు చెప్పాను.

"ఓబుళేశు చెప్పలేదే?"

"వానికాడ లేదవ్వా. ఆదోనిలో దొరికింది."

"నువ్వు చేపల చదువు చదివినోడివి కదా, నీకు తెలీదా" అని డబ్బా తీసుకుంది. నా డిగ్రీ ఈ ఇంట్లో పనికొచ్చింది ఆ ఒక్కసారే.

వారంలో కోరీల పొట్టలు నిండాయి. అమాస వచ్చింది, పోయింది, ఎవరూ ఎక్కడికీ పోలేదు. పోయిన నెలాఖరున అద్దం మీద గుడ్లు కనిపించాయి, నలభై దాకా. నువ్వు చేసినట్టే వేలితో తీసి సీసాలోకి మార్చాను. ఇరవై పిల్లలు తిరుగుతున్నాయి. ఫోనులో చేపల మాటెత్తితే అమ్మ వెనకనుంచి అవ్వ ఎందుకు నవ్వుతోందని అడిగావే, ఇందుకే. అది తన సొరకాయ, సోయాల మహిమ అని వీధంతా చెప్పింది.

ఇంగువ డబ్బా సంగతి అవ్వకు నేనే చెప్తాను. నీకు సెలవు దొరికిన రోజున చెప్తాను. నువ్వు యూనిఫాం వేసుకుని పక్కన నిలబడితే చాలు.

నేను ఐదింటికే లేస్తున్నానని అమ్మ చెప్పిందట, జ్వరమా అని రాశావు. జ్వరం కాదు. అవ్వ పూజ ముగించి వచ్చేలోపు మేత నేనే వేసేస్తున్నాను. డబ్బా నా పుస్తకాల వెనక ఉంది. పన్నెండు రోజుల నుంచే ఇలా.

అంతకుముందు రోజు సోమవారం. పూజ అయింది. అవ్వ ఇంగువ డబ్బా మూత తీసి నాలుగు గింజలు అరచేతిలో వేసుకుంది. కంట్లో వేసిన చుక్కలు గొంతులోకి దిగి నోరంతా చేదుగా ఉంటోందని అన్నాళ్లూ ఆ మేతను రుచి చూడలేదు. ముందురోజే మందు అయిపోయింది. "ఇన్ని పిల్లల్ని చేయించిన మేత, ఎట్లుంటాదో నేను చూడనే లేదు" అంది. ఒక గింజ నాలిక మీద వేసుకుంది.

నేను రెండడుగుల దూరంలో, చేతిలో మగ్గుతో నిలబడి ఉన్నాను. కళ్లు మూసుకుని నమిలింది.

"సోయా అంటే ఇట్లుంటాదా?"

"ఊ" అన్నాను.

"బాగుండాది. ఉప్పు కూడా సరిగ్గా పడింది" అంది.

అక్కా, ఈ ఉత్తరం మొదట్లో ఒప్పుకున్నవేవీ నేను చేసినవి కావు. ఆ "ఊ" మాత్రం నాదే.

ఇట్లు,
నీ సెలవు కోసం ఎదురుచూస్తూ, అది రాకుంటే బాగుండునని కూడా అనుకుంటున్న
నీ తమ్ముడు
వీరేష్