అది టీ కాదు

ఏమండీ,

మిల్లుకి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. పాపని పెద్దాసుపత్రిలో చేర్చాం. మా అక్క దగ్గరుంది. నేను బట్టల కోసం వచ్చి మళ్లీ వెళ్తున్నాను. అన్నం మూతపెట్టి ఉంచాను, తినే రండి. దాని నీలం దుప్పటి తీగ మీద ఆరుతోంది, మర్చిపోకుండా తెండి.

జ్వరం తగ్గినా ఆ ఫ్లూ కండరాల మీద పడిందట. అవి కరిగి కిడ్నీలకి అడ్డం పడుతున్నాయట. చాలా అరుదుగా ఇలా అవుతుందన్నారు. పిక్కలు నొప్పి, నడవలేనని అది ఏడిస్తే, బడి ఎగ్గొట్టడానికి నాటకాలని గదిమారు కదా. ఇప్పుడు దాని ముందు ఆ మాట ఎత్తకండి. "నాన్న కోప్పడతారా?" అని ఇందాక కూడా అడిగింది.

నాకు ఏడుపు కూడా రావడం లేదు.

ఇంకోటి. మొన్న బాత్రూంలో టీ పారబోశారని మీ మీద అరిచి నీళ్లు కొట్టేశాను. అది పాప మూత్రం. రంగు ఎప్పుడు మారిందని డాక్టరుగారు అడిగితే, ఈరోజే అనేశాను. మీరు రాగానే మొన్నటి నుంచని చెప్పండి. నాకు నోరు పెగలడం లేదు.