కాలు తగిలిన బంతి

7 నవంబర్ 1987, శనివారం

రైల్వే ఇన్‌స్టిట్యూట్ పచ్చికలో దొర్లించి ఆడే బౌల్స్ బంతి తిన్నగా పోదని ఈ రోజే తెలిసింది. నేను తిన్నగానే వదిలాను. కొంతదూరం బుద్ధిగా దొర్లి, ఆగబోయే ముందు ఎడమకు తిరిగిపోయింది. బంతికి ఒకవైపు మొగ్గు ఉంటుందట. మొగ్గు! ఇంతవరకు ఆ మాటను మనుషుల గురించే విన్నాను.

ఆట నేర్పే రిటైర్డ్ గార్డు అప్పన్న తాతగారు రేపటి పోటీలో నన్ను జోడీగా తీసుకుంటానన్నారు. ఈ రోజు ప్రాక్టీసు ఆటలో ఆయన వదిలిన బంతి చక్కగా వంపు తిరిగి, గురిగా పెట్టిన చిన్న తెల్లబంతిని ఆనుకుని ఆగింది. దగ్గరగా చూద్దామని వెళితే దానికి నా కాలు తగిలింది. తను పనిచేసే రైలింజన్ల షెడ్డులో పనిముట్టుకు కాలు తగిలితే నాన్న చేసినట్టే, వెంటనే ఎత్తి కళ్ళకద్దుకున్నాను.

"ఏటమ్మా అది! గెలిచీసిన ఆటని దండం పెట్టి పాడు చేసీసినావు!" అన్నారు తాతగారు.

"అచ్ఛా హువా, పూజా హో గయీ!" మంచిదైంది, పూజ కూడా అయిపోయిందని అవతలి జట్టువాళ్ళు ఒకటే నవ్వు.

ఆట మధ్యలో ఆగిన బంతిని కదపకూడదట. అయినా రేపు నన్ను ఆడిస్తారా అని తాతగారిని అడిగాను. "పొద్దున్న రా, చూద్దాంలే" అన్నారు. కోపమో, నవ్వు ఆపుకుంటున్నారో తెలియలేదు...

రేపు అందరికంటే ముందే వెళ్ళి, బంతుల మధ్య చూసుకుని నడవడం అలవాటు చేసుకోవాలి. అయినా కాలు తగిలితే, ఆట ముగిశాకే కళ్ళకద్దుకుంటాను.