డిపోలో నీ తప్పు లేదట

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. టాంజానియాలోని ఆ పెట్రోలు డిపోలో, ట్యాంకులోని విషపు ఆవిరి పూర్తిగా పోకముందే నువ్వే తొందరపడి దిగావని కంపెనీ రిపోర్టు రాసింది. దాని మీద సాక్షి సంతకం అక్కడ నీతో పనిచేసిన నీ స్నేహితుడు కిరణ్‌ది.

అతను చదువుకోవడానికి జర్మనీలో నేనుండే లైప్‌జిగ్ వస్తే, ఈ లాక్‌డౌన్‌లో గది వెతికి, ఆన్‌మెల్డుంగ్, అదే ఇక్కడి చిరునామా నమోదు, చేయించింది నేనే. ఇవాళ నీ ఫోటో ముందు కొవ్వొత్తి వెలిగిస్తుంటే వచ్చాడు. మాస్కు తీసి ఏడ్చాడు.

"అక్కా, అన్న దిగనన్నాడు. మేనేజరే బలవంతంగా దింపాడు. సంతకం పెట్టకపోతే ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇవ్వనన్నాడు. అది లేకపోతే నాకిక్కడ సీటొచ్చేది కాదు."

నేనతన్ని తిట్టలేదు. కాగితం ఇచ్చి, జరిగింది జరిగినట్టు రాయించాను. వెంటనే వదినకు ఫోన్ చేసి చదివి వినిపించాను.

వదిన ఇంకోసారి చదవమంది. తర్వాత అంది: "ఆయన అంత అజాగ్రత్త మనిషి కాదని మొదటిరోజే చెప్పాను కదా, జ్యోతీ. కిరణ్ అంటే పరాయివాడు. నువ్వు సొంత చెల్లెలివి. నువ్వెందుకు నమ్మలేదు?"

అన్నయ్యా, కిరణ్ ఆ లెటర్ కోసం నీ మీద అబద్ధం చెప్పాడు. నేను మాత్రం ఎవరూ బలవంతపెట్టకుండానే ఆ అబద్ధాన్ని నమ్మేశాను.

జ్యోతి